ఐదో నెల ముక్క

ఈ వయసులో నాకు కుట్టుబడి ఏమిటని మీరు అడగవచ్చు. వేళ్ళు పట్టేస్తున్నాయని చెబితే మా ధర్మపురి డాక్టరమ్మ మందు రాయడానికి బదులు వేళ్ళకు పని పెట్టమని సలహా చెప్పి పంపింది, అందుచేత మా వీధిలో ఒక మేడ మీద పాతికేళ్ళ టీచరమ్మ ఒకతె నడిపే కుట్టు తరగతిలో పోయిన నెల చేరాను. చేరిన వారానికే ఆమె మాకు ఏడాది పొడుగునా చేయవలసిన పని ఒకటి అప్పగించింది. నెలకొక గడి, గడికొక తీరు కుట్టు, అన్నీ మిగులు గుడ్డముక్కలతోనే. ఏడాది తిరిగేసరికి అన్నీ కలిపి కుడితే ఒక దుప్పటి అవుతుంది. దానికి సాంప్లర్ క్విల్ట్ అని పేరు చెప్పింది. నేను ఊరుకుంటానా, బొంతకు ఇంత పేరెందుకమ్మా అన్నాను. ఇది బొంత కాదాంటీ అని ఆమె ఫోనులో బొమ్మలు చూపించింది, బొంతే అని నేను వాదించాను. తీరా చూస్తే తక్కినవాళ్ళ ఇళ్ళలో మిగులు ముక్కలే లేవట, బజారులో కొత్త గుడ్డ కొని, దాన్ని ముక్కలు చేసి, మిగులు ముక్కలని పేరు పెట్టుకుంటున్నారు. దాని మీద ఇంకొక వాదన అయింది.

వాదనలన్నీ అయ్యాక అందరికీ గళ్ళ కాగితం పంచి, ఏ నెలలో ఏ తీరు, ఎక్కడ ఏ రంగు, ముందుగా గీసుకు రమ్మంది. ఇంటికి వచ్చి భోజనాల బల్ల మీద పరుచుకుని గీయడం మొదలుపెట్టాను. నాలుగు నెలలు గీశాను. ఐదో గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. డిగ్రీ చదివి, మూఢనమ్మకాల మీద కాలేజీ వేదిక మీద నిలబడి ఉపన్యాసాలిచ్చినదాన్ని, పెన్సిలుతో ఒక గడి నింపడానికి వణికాను. ఎందుకు వణికానో ఈ పిల్లలకు చెబితే నవ్వుతారు. నా ఈడు వాళ్ళు మీరైతే నవ్వరు.

మా పల్లె తమిళనాట, ఈ ధర్మపురి పక్కనున్న ఇండూరుకు దగ్గర. ఎప్పుడు వచ్చి స్థిరపడ్డారో ఎవరికీ గుర్తులేని తెలుగు ఇళ్ళు మావి. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. రెండు ఆవులు, ఒక జత ఎడ్లు, కొంచెం రాగి చేను, బావిలో నీళ్ళుంటే టమాటా. కోత రోజుల్లో మా నాయన రాత్రే తట్టలు బండికెత్తుకుని పాలకోడు మార్కెట్టుకు వెళ్ళి మర్నాడు మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవాడు. ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, అంటే నాయన తల్లిది. నా నోరు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్ళకు ఆవిడను చూపిస్తే చాలు.

నా తర్వాత మా అమ్మకు రెండు కాన్పులు నిలవలేదు. మొదటిది నాకు గుర్తులేదు. రెండోసారి మాత్రం, పెరటి గుమ్మంలో నిలబడి, మా నాయన ఒక చిన్న తెల్లటి మూటను రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా చేను గట్టు వెంబడి నడిచిపోవడం చూశాను. ఆ మూటలో ఏముందో నాకెవరూ చెప్పలేదు. తిరిగి వచ్చిన నాయన చేతుల్లో మూట లేదు, అమ్మ రెండు రోజులు గోడ వైపు తిరిగి పడుకుంది, అంతే. భయమంటే దయ్యాల కథలు విని పుట్టేది కాదనీ, పట్టపగలు, అందరూ మౌనంగా తమ తమ పనులు చేసుకుంటున్నప్పుడు పుట్టేదనీ నాకు అప్పుడే తెలిసింది.

అందుకే మళ్ళీ అమ్మకు నెల తప్పిందని తెలిసినప్పుడు ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. అవ్వ మాత్రం రాగులు పోసుకునే గదిలో గోడ మీద బొగ్గుతో తొమ్మిది గళ్ళు గీసింది. వరుసకు మూడు. పిల్లలు నిలిచిన ఇళ్ళకు వెళ్ళి, అక్కడి బిడ్డ తొడిగి విడిచిన పాత గుడ్డ నెలకొకటి అడిగి తెచ్చి, నెలకొక గడి చొప్పున బొంత కుట్టాలి. కొన్న గుడ్డ పనికిరాదు, చెప్పకుండా తెచ్చినది అంతకన్నా పనికిరాదు. గుమ్మం ముందు నిలబడి, మా ఇంట్లో బిడ్డలు నిలవడం లేదు, మాకు భయంగా ఉంది, ఒక ముక్క పెట్టండి అని నోరు తెరిచి అడగాలి. మొదటి నెల పలక, రెండో నెల ముక్కోణాలు, మూడో నెల పట్టీలు, నాలుగో నెల మెట్లు, ఇలా ప్రతి నెలా తీరు మార్చాలి. అన్నీ ఒకే తీరుగా ఉంటే చావు వచ్చి వేలు పెట్టి లెక్క పెట్టుకుంటుందట, తీరు మారిస్తే తికమకపడి లెక్క వదిలేసి పోతుందట. చివరి అంచు మాత్రం కుట్టకూడదు, బిడ్డ ఏడుపు చెవిన పడ్డాకనే మూయాలి. ఆ టీచరమ్మ గళ్ళ కాగితాన్ని చూసి నేనెందుకు బొంతే అని వాదించానో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది.

అడగడానికి వెళ్ళినప్పుడల్లా అవ్వ నన్ను తోడు తీసుకుపోయేది. ఊళ్ళోవాళ్ళతో నీళ్ళ దగ్గరా గట్టు దగ్గరా కత్తులు నూరే మనిషి, పరాయి గుమ్మం ముందు కొంగు పట్టుకుని నిలబడితే నేను నా కాళ్ళ వైపు చూసుకునేదాన్ని. కొందరు గుడ్డతోపాటు చేరెడు బియ్యం కూడా పోసేవారు. మాకు పిన్ని వరస అయ్యే ఒకావిడ మాత్రం మొహం మీదనే తలుపు వేసింది. గుడ్డ ఇస్తే తన ఇంటి అదృష్టం దాని వెంట గడప దాటి మా ఇంటికి వచ్చేస్తుందని ఆవిడ భయం. తిరిగి వస్తూ దారి పొడుగునా అవ్వ ఆవిడ వంశాన్ని తిట్టింది గాని, ఆ భయం అబద్ధమని మాత్రం అనలేదు. అది నేను గమనించాను.

ఐదో గడి బొంతకు నట్టనడుమ వస్తుంది. దాన్ని కన్ను ఆకారంలో కుట్టాలనీ, నాలుగు వైపులా కాపలా కాసేది అదేననీ అవ్వ చెప్పేది. కాబట్టి ఆ ముక్క అన్నిటికన్నా గట్టి ఇంటి నుంచి రావాలి. పాలకోడులో మా నాయనకు తెలిసినవాడు, మార్కెట్టులో తట్టలు దించే మనిషి ఒకడున్నాడు, తమిళం వాళ్ళు. ఆ ఇల్లాలికి వరుసగా ఐదుగురు మగపిల్లలు, ఒక్కరికి తుమ్మయినా రాలేదు. బస్సెక్కి వెళ్ళాం. అవ్వ చెప్పడం పూర్తి కాకముందే ఆవిడ నవ్వి, చంకలో ఉన్న చివరి పిల్లవాడి ఒంటి మీది సొక్కాయే విప్పి అవ్వ చేతిలో పెట్టింది. నీలం రంగు మీద తెల్ల గీతల సొక్కాయి. బట్టలు లేకుండా వాడు తల్లి చంకలో గెంతుతూ నా జడ పట్టుకుని లాగాడు. ఆ పిల్లవాడి వేళ్ళు నాకు ఇప్పటికీ తెలుసు.

ఆరో నెల ముక్క కూడా కుట్టేసిన తర్వాత ఒక మధ్యాహ్నం మా నాయన మార్కెట్టు నుంచి వచ్చి, ఎడ్లను విప్పకుండానే అవ్వను కొట్టం వెనక్కి పిలిచాడు. నేను గడ్డివాము చాటున ఉన్నాను. ఆ నీలం సొక్కాయి పిల్లవాడు జ్వరం వచ్చి చనిపోయాడట. తర్వాత వాళ్ళిద్దరూ గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు.

"ఆ ముక్క విప్పేయమ్మా, నాకు భయంగా ఉండాది," అన్నాడు నాయన.

"విప్పేదా? ఐదో నెల విప్పితే కడుపు విప్పినట్టు గాదంట్రా? నోరు మూసుకో."

"మరి సచ్చిన బిడ్డ గుడ్డ ఇంట్లో పెట్టుకుంటావా?"

"పెట్టుకోలేను, తీయలేను. ఏం జేయమంటావు నన్ను? నీ పెండ్లాం చెవిన పడిందంటే మాత్రం నా మీద ఒట్టు, చూసుకో!"

అవ్వ ఇటు తిరిగేసరికి నేను కనిపించాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. నా భుజాలు పట్టుకుని నా మొహంలోకి చూసింది, అంతే. అవ్వ కొట్టకుండా వదిలేసిన తర్వాత ఇక నాకు ఈ లోకంలో ఆధారం లేకుండా పోయింది.

ఆ తర్వాతి నెలల సంగతి నేను సరిగా చెప్పలేను. బడి నుంచి వచ్చేటప్పుడు మిట్ట మీద నుంచి మా ఇంటి కప్పు కనిపించేది. కప్పులోంచి పొగ వస్తుంటే అమ్మ పొయ్యి దగ్గర ఉన్నట్టు లెక్క. పొగ కనిపించని రోజు దారి పక్కన కూర్చుండిపోయేదాన్ని, ఇంటికి పోకుండా ఉంటే జరిగింది జరగనట్టే ఉంటుందని. అవ్వ బొంతను నడుమ గడి లోపలికి పోయేట్టు మడిచి అమ్మకు కనబడకుండా కుట్టేది. నన్ను సూదిలో దారం ఎక్కించమనేది, నేను ఎక్కిస్తూ ఆ మడత వైపు చూసేదాన్ని కాదు. లోపల ఆ కన్ను తెరుచుకుని ఉందనిపించేది. ఇంకొక భయం కూడా ఉంది, దాన్ని నోటితో అనుకోవడానికే భయం. తలుపు వేసిన పిన్ని భయం నిజమేనేమో. ఆ ఇంటి అదృష్టం ఆ సొక్కాయి వెంట మా ఇంటికి వచ్చేసి, వాళ్ళ ఇల్లు ఖాళీ అయిందేమో. మేమే తెచ్చేశామేమో. అలా అయితే ఆ పిల్లవాడి తల్లి ఒకనాడు వచ్చి అడగదా?

వచ్చింది. అమ్మకు ఎనిమిదో నెల నడుస్తుండగా, ఎండ నడినెత్తిన ఉన్న వేళ, పాలకోడు ఆవిడ ఒంటరిగా వచ్చి మా పెరటి కంప బయట నిలబడింది. నేనే మొదట చూశాను. అవ్వ బయటికి వచ్చి చూసి, పరుగున పోయి కంప అవతలే ఆవిడను ఆపేసింది. ఆపవలసిన పనే లేదు, ఆవిడ తానుగానే లోపలికి రాలేదు. చావు జరిగిన ఇంటి మనిషి కడుపుతో ఉన్న ఇంటి గడప తొక్కకూడదని ఆవిడకూ తెలుసు. ఎండలో నిలబడే, తమిళంలో, మెల్లగా అడిగింది. పిల్లవాడి గుడ్డలన్నీ వాడితోనే పంపేశారట. దాచుకోవడానికి నూలుపోగు కూడా మిగలలేదట. ఆ సొక్కాయిలో ఏదైనా ముక్క మిగిలి ఉంటే ఇస్తారా అని.

నిందించలేదు. ఒక్క మాట నిందించలేదు. నిందిస్తుందని ఎదురు చూసిన మాకు అది ఇంకా భయం వేసింది.

అవ్వ తడుముకోకుండా, మిగిలిన ముక్కలు ఎలుకలు కొట్టేశాయని చెప్పింది. కుట్టినదాని మాట ఎత్తలేదు. ఆవిడ సరేనని తల ఊపింది గాని కదల్లేదు, కంప పట్టుకుని అలాగే నిలబడింది. అప్పుడు ఇంటి లోపలి నుంచి మా అమ్మ, బొంత భుజాన వేసుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని బయటికి వచ్చింది. గోడ అవతల నుంచి అంతా విన్నది. మా అమ్మ అత్తకు ఎదురు మాట చెప్పడం అప్పటిదాకా నేను వినలేదు.

"ఎలుకలు గొట్టలేదత్తా, ఇదో ఉండాది."

"ఏమ్మే, పిచ్చా నీకు? లోపలికి పో! దాన్ని ముట్టినావంటే…"

"ఆయమ్మ బిడ్డది ఆయమ్మకు ఇయ్యకుండా నేనెట్ల కప్పుకునేది?"

గుమ్మంలో కూర్చుని, కూరలు తరిగే కత్తిమొనతో ఒక్కొక్క కుట్టే తెంపింది. ప్రతి కుట్టుకూ అవ్వ అరిచింది, గుండెలు బాదుకుంది, చుట్టుపక్కల దేవుళ్ళందరినీ పిలిచింది. నేను అమ్మ కడుపు వైపు చూస్తూ నిలబడ్డాను. కుట్టు తెగినప్పుడల్లా లోపల ఏదో తెగుతుందని, ఇప్పుడో ఇప్పుడో రక్తం కనిపిస్తుందని. ముక్క ఊడి వచ్చింది. అమ్మ కంప దాకా నడిచి వెళ్ళింది. ఆవిడ చేత్తో అందుకోలేదు, కొంగు చాపింది. కొంగులో పడిన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత మా అమ్మ కడుపు వైపు ఒకసారి చూసి, దూరం నుంచే చేతులు తిప్పి, తన కణతల మీద మెటికలు విరిచి దిష్టి తీసి, వెనుదిరిగి ఎండలో నడిచిపోయింది. బస్సు దాకా మైలు దూరం. మంచినీళ్ళయినా తాగలేదు.

బొంత నడుమ కన్నంత రంధ్రం. అవ్వ కూలబడిపోయి, ఇప్పుడు ఏ ఇంటికి పోయేదే, ఎవరు ఇస్తారే అని ఏడ్చింది. అమ్మ నన్ను పిలిచింది. నా పావడ అంచు పట్టుకుని, నేను తొడుక్కుని ఉండగానే, కత్తితో ఒక ముక్క చీల్చింది.

అవ్వ ఏడుపు ఠక్కున ఆగింది. "వొద్దమ్మే! ఉండేది అదొక్కటే. దాన్ని గూడా దీంట్లో పెడతావా?"

"ఊరోళ్ళ బిడ్డల గుడ్డలు అడుక్కోని వచ్చినావే అత్తా. మన ఇంట్లో బతికిన బిడ్డ లేదా? ఇదో, ఇంత పొడుగు ఉండాది. నీ కంటికి ఆనలేదా?"

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తెచ్చిన ముక్కలన్నీ మగపిల్లల సొక్కాయిలేనని అప్పటిదాకా నేనూ గమనించలేదు. బిడ్డలు నిలవని ఇల్లు మాది అని అవ్వ గుమ్మం గుమ్మానికీ చెబుతుంటే, పక్కన నిలబడి తల ఊపినదాన్ని నేనే కదా.

అయితే ఆ పూట నాకు గర్వం కలిగిందని మాత్రం అనుకోకండి. చచ్చేంత భయం కలిగింది. ఇక ఆ బొంతలో ఉన్నది నేను. పుట్టబోయే బిడ్డకు ఏమైనా అయితే నాకూ అవుతుంది, నాకు ఏమైనా అయితే ఆ బిడ్డకూ అవుతుంది. తుమ్మినా దగ్గినా గుండె ఆగేది. ఆ భయం అవ్వకూ పట్టుకుంది. బావి వైపు పోనివ్వలేదు, చింతచెట్టు ఎక్కనివ్వలేదు, బడికి తానే తీసుకుపోయేది, తలకు నూనె అంటేది, సంకటి ముద్దలో నెయ్యి నా వైపు ఎక్కువ వేసేది. నన్ను పోగొట్టుకోవచ్చునని తెలిశాకనే నేనొకదాన్ని ఉన్నానని ఆవిడకు గుర్తొచ్చింది. ఆ నెయ్యి తింటుంటే బలికి ముందు మేపినట్టుండేది.

నొప్పులు వచ్చిన రోజు నన్ను కొట్టంలో ఆవుల దగ్గర కూర్చోబెట్టారు. నేను రెండు చెవులూ మూసుకున్నాను. మూసుకుంటే ఏడుపు వినపడదు, వినపడకపోతే బిడ్డ లేదనుకోవాలి. తీస్తే అమ్మ అరుపులు. మూస్తూ తీస్తూ ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఆఖరికి వినపడింది. సన్నగా కాదు, మా ఇంటి నోరు అది, ఊరు లేచేట్టు. అవ్వ వసారాలో కూర్చుని బొంత చివరి అంచు కుడుతూ, ఏడుస్తూ, పుట్టినది ఆడపిల్ల అని తెలిశాక ఏడుపు మధ్యలోనే నన్ను తిట్టింది. అంతా నా పావడ ముక్క చేసిన పనేనట. పోయేదాకా ఆ మాట అంటూనే ఉండేది. ఆ ఆడపిల్ల, అంటే మా చెల్లెలు, ఇవాళ ఇండూరులో పాడి పెట్టుకుని మా అందరికన్నా గట్టిగా ఉంది.

గుడ్డముక్కలు ప్రాణాలు నిలబెడతాయని నేను అప్పుడు నమ్మానేమో, చదువుకున్నాక నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కానీ ఆ ఏడాది మా ఇంటి భయం పది ఇళ్ళకు తెలుసు. ఒక్కరు తలుపు వేశారు, తక్కినవాళ్ళు తీశారు. నా కూతురు హోసూరులో ఉంటుంది. పోయిన ఏడాది తనకు ఒక కడుపు నిలవలేదని రెండు నెలల తర్వాత, ఏదో మాటల్లో నాకు చెప్పింది. మొన్న ఫోను చేసి, మళ్ళీ మూడో నెల అంది. నేను నోరు తెరవబోయేలోగా, "స్కాన్ ముడియనీ మా, అది అయ్యేదాకా ఎవ్వరికీ చెప్పొద్దు, ప్లీజ్, చిన్నమ్మకు గూడా," అంది. చెప్పనన్నాను. తనూ అల్లుడూ అక్కడ తలుపు వేసుకుని భయపడుతున్నారు, నేను ఇక్కడ తలుపు వేసుకుని భయపడుతున్నాను.

పక్కింటి మేడ మీద తీగకు రోజూ చిన్న చిన్న సొక్కాయిలు ఆరుతుంటాయి. మూడేళ్ళుగా చూస్తున్నాను, ఆ పిల్లవాడి పేరు నాకు తెలియదు. నిన్న పొద్దున వాళ్ళ గేటు దాకా వెళ్ళి బెల్లు కొట్టాను. ఆ తల్లి వచ్చి, పిల్లవాణ్ణి చంకన వేసుకుని, ఏమిటాంటీ అని తమిళంలో అడిగింది. ఏ ఊళ్ళోనైనా, ఎవరితోనైనా, ఎంతసేపైనా వాదించగల నోరు నాది. మాకు భయంగా ఉంది, ఒక ముక్క పెట్టండి అనే ఆ ఒక్క మాట అడగడానికి రాలేదు. మీ మేడ మీది నీళ్ళు మా గోడ మీద పడుతున్నాయి, కాస్త చూసుకోండి అని ఆమెతో గొడవ పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. ఆ గోడ మీద చుక్క నీరు లేదు.